ప్రైమర్ ఆరలేదని నా చెయ్యి పట్టుకున్నాడు, దాని కింద రేకే లేదు. పాత పికప్ కొనేవాళ్ళు జాగ్రత్త!

చేతులకి పుట్టీ దుమ్ము ఇంకా వదల్లేదు. కోపం చల్లారాక తీరిగ్గా రాద్దామంటే ఈలోపు ఇంకెవరో వెళ్ళి అడ్వాన్సు ఇచ్చేస్తారేమోనని భయం. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

పాత పికప్పులు తెచ్చి, సగం పని చేసి, అసలు రంగుకి ముందు వేసే ఎర్ర ప్రైమర్ కొట్టి, "మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు" అని అమ్మే మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఆయన పెట్టే ఫొటోల్లో ప్రతి బండీ ఒకే గోడ ముందు, ఒకే ఎర్ర రంగులో నిలబడి ఉంటుంది, గుర్తుపట్టడానికి అది చాలు. ఆయన దగ్గర నేను షెవర్లే 3100 కొన్నాను, 1950 మోడల్ అని చెప్తే. మూడేళ్ళు కూడబెట్టిన డబ్బు. ఇంట్లో ఎలా ఒప్పించానో అదంతా రాసే ఓపిక ఇప్పుడు లేదు. 1947లో మొదలైన ఆ గుండ్రటి ముక్కు బండ్లంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం, అందులోనూ క్యాబిన్ వెనక మూలల్లో కూడా అద్దాలున్న రకం కనిపించేసరికి మనసు ఆగలేదు. అంతే.

బండి చూడ్డానికి నేను వట్టి చేతులతో వెళ్ళలేదండీ. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళాను, రంగు గీసుకోకుండా పల్చటి గుడ్డలో చుట్టి మరీ. అది ఇనప రేకుకి అంటుకుంటుంది, పుట్టీ దళసరిగా ఉంటే అంటుకోదు. ఈ బండ్లకి తుప్పు ఎక్కడ పడుతుందో నెలల తరబడి చదివాను. క్యాబిన్ వెనక కింది మూలలు, తలుపు కింద ఉండే పట్టీ, కాళ్ళు పెట్టుకునే చోటు. మూలల్లో రెండు రేకుల మధ్య ఖాళీ ఉంటుంది, దుమ్మూ నీళ్ళూ అందులో చేరి లోపలి నుంచి తింటాయి, బయట రంగు మీద బుడగ లేచేసరికి లోపల పెద్దగా ఏమీ మిగలదు. ఇదంతా తెలిసే వెళ్ళాను.

ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించాడు. ఆరు సిలిండర్ల, 216 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, ఆరు వోల్టుల బ్యాటరీతోనే ఒక్క తిప్పుకి అందుకుంది. ఆ మెత్తటి చప్పుడు వింటూ నిలబడ్డాను, నిజంగా బాగుంది, ఇప్పటికీ ఇంజిన్ గురించి నాకు ఫిర్యాదు లేదు. బానెట్ వేసేశాక క్యాబిన్ వెనక్కి వెళ్ళి, కుడివైపు మూల దగ్గర గొంతుక్కూర్చుని అయస్కాంతం బయటికి తీశాను.

అప్పటిదాకా బండి ముందు నిలబడి మాట్లాడుతున్నవాడు గబగబా వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, సొంత తమ్ముడు పట్టుకున్నట్టు, నవ్వుతూ. "అన్నా, అన్నా, అది వద్దు. నిన్ననే ప్రైమర్ కొట్టాం, ఇంకా ఆరలేదు. గీత పడిందంటే ఈ పక్కంతా మళ్ళీ కొట్టాలి. నా మాట మీద నమ్మకం లేదా అన్నా?" అన్నాడు.

నేను అయస్కాంతం మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

రోజుకి పదిసార్లు ఆ క్షణం కళ్ళముందుకి వస్తోంది. ఒక మనిషి అంత దగ్గరగా వచ్చి నమ్మకం లేదా అని అడిగితే, ఉంది అనే అంటాం, లేదని ముఖం మీద అనలేం. ఆ మొహమాటం వాడికి బాగా తెలుసు. తర్వాత నన్ను ముందుకి తీసుకెళ్ళి మడ్‌గార్డ్ మీద వేళ్ళతో కొట్టి చూపించాడు, ఖణేల్‌మంది, "ఈ కాలం బండ్లకి ఇంత దళసరి రేకు ఎక్కడిది అన్నా" అన్నాడు. అది నిజమే. ఆ మడ్‌గార్డ్ నిజంగానే మంచిది. వెనక మూల మీద మాత్రం వేలు కూడా పెట్టలేదు.

ఇంకో సంగతి. ఆరోజు నేను తీసుకున్న ఫొటోలు నిన్న రాత్రి పెద్దవి చేసి చూశాను. ఆ ప్రైమర్ మీద దుమ్ము పేరుకుని ఉంది. తలుపు పక్కన ఎవరో వేలు ఆనించిన గీత కూడా తెలుస్తోంది ఆ దుమ్ములో. నిన్న కొట్టిన రంగు మీద అంత దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? ఆరోజు కొత్త రంగు వాసన కూడా లేదు, కళ్ళముందే ఉన్నది చూడలేదు నేను.

తలుపుల దగ్గర కూడా ఆగాల్సింది. తలుపు అద్దాల ముందు గాలి కోసం తిప్పుకునే చిన్న అద్దాలున్నాయి, అవి 1951 నుంచి వచ్చాయి. హ్యాండిల్‌కి నొక్కే బటన్ ఉంది, అది 1952లో వచ్చింది. అంటే తలుపులు వేరే బండివి. అడిగాను. "మంచివి దొరికాయని మార్చాం అన్నా" అన్నాడు. పాత బండ్లలో ఇలాంటి మార్పులు మామూలే, తప్పేమీ లేదు. కానీ తలుపులే మార్చాల్సి వచ్చేంతగా తుప్పు పడితే ఆ తలుపుల కింద ఉన్న క్యాబిన్ ఎలా మిగిలింది అని ఒక్క ప్రశ్న వేసుకోవాల్సింది కదా. వేసుకోలేదు. ఆ తప్పు నాదే.

బండి ఇంటికి వచ్చిన రెండో వారం పని మొదలుపెట్టాం, నేనూ తమ్ముడూ. ఈ మోడల్‌కి పెట్రోల్ ట్యాంకు క్యాబిన్ లోపల, సీటు వెనకే ఉంటుంది, గ్రైండర్ నిప్పురవ్వలతో ప్రమాదం అని ముందు దాన్ని విప్పి దూరంగా పెట్టాం. పాత రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి మంచి మాస్కులు పెట్టుకున్నాం. మా ప్లాన్ ప్రైమర్ తీసేసి, రేకు ఎలా ఉందో చూసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టడం. మామూలు ప్రైమర్ తేమని ఆపదు, పైన రంగు లేకుండా వదిలేస్తే దాని కిందే తుప్పు మొదలవుతుంది, అందుకే తొందరపడ్డాం.

వైర్ బ్రష్ పెట్టగానే ఎర్ర దుమ్ము, తర్వాత బూడిద రంగు, తర్వాత గులాబీ రంగు. గులాబీ రంగు అయిపోవట్లేదు. ఎంత తీసినా అదే. తమ్ముడు గ్రైండర్ ఆపి స్క్రూడ్రైవర్ మొనతో అంచు దగ్గర చిన్నగా లేపాడు, తడిసిన గోడ పెచ్చు ఊడినట్టు అరచేతి పెద్ద ముక్క ఒక్కసారిగా ఊడి కింద పడింది. స్కేలు పెట్టి చూశాను, 18 మిల్లీమీటర్లు. పుట్టీ ఉన్నది రేకు మీది చిన్న ఎగుడుదిగుళ్ళు సరిచేయడానికి, రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. ఇక్కడ పుట్టీతోనే బండి మూల కట్టాడు. శిల్పం చెక్కినట్టు చెక్కాడు దాన్ని.

ఆ పుట్టీ వెనక ఒక అల్యూమినియం రేకు ముక్క, నాలుగు రివెట్లతో. రేకు వెనక సందులు పూడ్చడానికి వాడే పసుపు ఫోమ్. వేలితో నొక్కితే గోధుమరంగు నీళ్ళు కారాయి. కింద సిమెంటు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే తమ్ముడు గ్రైండర్ పక్కన పెట్టి నా మొహం వంక చూశాడు, ఏమీ అనలేదు. ఆ ఫోమ్ నీళ్ళని పట్టి ఉంచుతుంది, ఆరనివ్వదు.  అంటే వాడు తుప్పుని దాచడమే కాదు, దాన్ని మేపాడు.

రెండో మూల కూడా అంతే. నేల మీద కొత్త రబ్బరు మ్యాట్ గమ్ పెట్టి అంటించి ఉంది, ఎంత శుభ్రంగా చేశాడో అని మెచ్చుకున్నాను కొన్న రోజు. పీకితే డ్రైవర్ కాళ్ళ దగ్గర నేల మీద మళ్ళీ రివెట్లు కొట్టిన రేకు, దాని కింద రోడ్డు కనిపించేంత చిల్లు.

ఇంతవరకూ అయినా ఓర్చుకునేవాణ్ణేమో. ఛాసిస్ చూశాకే నాకు చేతులు వణికాయి. కింద మొత్తం దళసరిగా నల్లటి తారు లాంటి పూత పూశాడు, "తుప్పు పట్టకుండా అన్నా" అని చెప్పాడు అప్పుడు. వేడిగాలి పెట్టి గీకాం. క్యాబిన్ వెనక, ఛాసిస్ పొడవునా ఉండే ఎడమవైపు ఇనప పట్టాకి అడ్డంగా పగులు, దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి నిలువుగా ఒకే ఒక్క వెల్డింగ్ గీత. లోపల బలానికి పట్టీ కూడా లేదు. టింకరింగ్ పని చేసే మా బాబాయిని పిలిచి చూపిస్తే ఆయన వేలితో తడిమి, "ఇలా నిలువుగా ఒక్క గీత వేస్తే దాని పక్కనే మళ్ళీ విరుగుతుందిరా. లోపల పట్టీ వేసి, అంచులు ఏటవాలుగా కోసి వెల్డ్ చేయాలి. దీని మీద పిల్లల్ని ఎక్కించి ఉంటే?" అన్నాడు. బండి వచ్చిన రోజు సాయంత్రం మా పిల్లల్ని వెనక తొట్టిలో కూర్చోబెట్టి సందు చివరిదాకా తిప్పాను. అది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఫోన్ చేశాను. ఎత్తలేదు. వేరే నంబర్ నుంచి చేస్తే ఎత్తాడు. నా గొంతు విన్నాక మొదటి మాట "చెప్పండి సార్". డబ్బు ఇచ్చేదాకా అన్నా, ఇప్పుడు సార్. ఫొటోలు పంపాను అన్నాను. "పాత బండి కదా సార్, తుప్పు ఉండదా?" అన్నాడు. అయస్కాంతం పెట్టనివ్వలేదు కదయ్యా నువ్వు, నా చెయ్యి పట్టుకున్నావు కదా అని అడిగాను. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, చాలా మామూలుగా, "మీరు చూసుకునే తీసుకెళ్ళారు సార్. సంతకం కూడా పెట్టారు. నేను వద్దంటే మీరు ఆగిపోవడమేంటి?" అని పెట్టేశాడు.

ఆ చివరి మాట గుచ్చుకుని ఉండిపోయింది. నా చెయ్యి పట్టుకుని ఆపినవాడే, ఎందుకు ఆగావు అని అడుగుతున్నాడు. ఇక నా నంబర్ బ్లాక్ చేశాడు, తమ్ముడి నంబర్ కూడా.

నేను తుప్పుకి భయపడేవాణ్ణి కాదు, అది అర్థం చేసుకోండి. డెబ్బై ఏళ్ళు దాటిన బండికి తుప్పు లేకపోతేనే ఆశ్చర్యం. "మూలలు పోయాయి, నేల పోయింది, ఛాసిస్ పగిలింది, కోసి వెల్డింగ్ చేసుకోవాలి" అని చెప్పి ఉంటే నేను అప్పుడు కూడా కొనేవాణ్ణి, దానికి తగ్గ ధరకి. ఈ బండ్లకి కింది మూలలు, నేల, తలుపు కింది పట్టీలు కొత్త రేకులు తయారై దొరుకుతాయి. చేసుకోగలం. కానీ వాడు పుట్టీ కింద దాచినందుకు పని రెట్టింపయింది. ముందు వాడి పని ఊడబెరకాలి, తర్వాత నా పని మొదలుపెట్టాలి. ఇప్పుడు తలుపుల ఖాళీల్లో ఇనప గొట్టాలు అడ్డంగా వెల్డ్ చేసి క్యాబిన్ ఆకారం చెదరకుండా నిలబెట్టాలి, లేకుండా నేల కోశామా, ఇక తలుపులు జన్మలో సరిగ్గా పడవు. అంతకంటే ముందు ఛాసిస్. బాబాయి సాయం చేస్తానన్నాడు. ఈ ఏడాది బండి రోడ్డెక్కుతుందన్న ఆశ వదులుకున్నాను.

మీకు చెప్పేది కొంచెమే. ప్రైమర్‌లో ఉన్న బండి కొనకండి, తుప్పుతో కనిపించే బండి అంతకంటే నయం, కనీసం ఏముందో కనిపిస్తుంది. కొనాల్సే వస్తే అయస్కాంతం పెట్టనివ్వకపోతే అక్కడితో వెనక్కి వచ్చేయండి, మొహమాటపడకండి. మ్యాట్ ఎత్తి చూడండి. బండి కింద నల్లపూత దళసరిగా ఉంటే గీకి చూపించమని అడగండి, కిందికి దూరేముందు మాత్రం జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టించండి. చెప్పిన ప్రతి మాటా రాతలో తీసుకోండి, "రేకు మార్చలేదు, ఛాసిస్ వెల్డింగ్ లేదు" అని. నేను అది చేసి ఉంటే ఈరోజు నా చేతిలో ఏదో ఒకటి ఉండేది.

ఇది రాస్తుండగానే తమ్ముడు ఒక ఫొటో పంపాడు. అదే గోడ, అదే ఎర్ర రంగు, ఈసారి వేరే పికప్. ఎవరైనా చూడ్డానికి వెళ్తుంటే ముందు నాకు ఒక మాట చెప్పండి. నేనూ వస్తాను, అయస్కాంతం ఇంకా నా జేబులోనే ఉంది.