పబ్బుల కన్నా పలహారాలే: బెంగళూరులో వారాంతం

బెంగళూరు వెళ్తున్నామంటే హైదరాబాదులో మిత్రులు ముందు అడిగేది ఏ పబ్బుకని. మేమూ ఆ లెక్కతోనే బయలుదేరాం. తిరిగొచ్చాక మా మాటల్లో పబ్బుల పేర్లు తక్కువ, టిఫిన్ల పేర్లు ఎక్కువ.

విమానం కన్నా రైలే మేలు. కాచిగూడ నుంచి మైసూరు వెళ్లే రైలు శుక్రవారం సాయంత్రం ఎక్కితే తెల్లవారాక మెజెస్టిక్‌లో, అంటే బెంగళూరు ప్రధాన రైల్వే స్టేషన్లో దిగవచ్చు. విమానాశ్రయం ఊరికి 30 కిలోమీటర్లకు పైనే. చవక విమాన టికెట్టుతో మిగిలించింది టాక్సీకి సమర్పించుకోవాలి. విమానాశ్రయం నుంచి నడిచే వాయువజ్ర సిటీ బస్సులు బాగానే ఉంటాయి కానీ ట్రాఫిక్ వాటికీ దారి ఇవ్వదు. రైలు దిగి సామాను క్లోక్‌రూంలో పెట్టి, మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కితే మూడో స్టేషన్ నేషనల్ కాలేజీ. అక్కడి నుంచి బసవనగుడిలోని గాంధీబజారుకు నడిచే వెళ్లవచ్చు.

గాంధీబజారులో విద్యార్థి భవన్ అనే టిఫిన్ హోటల్ 1943 నుంచి నడుస్తోంది. శనివారం పొద్దున పేరు చెప్పి బయట నిలబడాలి. లోపల ముక్కూ ముఖం తెలియనివాళ్లతో ఒకే బల్ల పంచుకోవాలి. సర్వర్లు దోసె పళ్లేలను చేతి మీద భుజం దాకా పేర్చుకుని వచ్చే తీరు చూస్తూ ఆకలి మరిచిపోతాం. పలచటి కరకర దోసెలకు అలవాటుపడ్డ మాకు ఇక్కడి దోసె మందంగా కనిపించింది. పైన ఎర్రగా కాలి, లోపల మెత్తగా, నెయ్యి వాసనతో ఉంటుంది. మాలో ఎవరూ ఒక్కదానితో లేవలేదు.

దగ్గర్లోనే శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ ఉంది. కుర్చీలు లేవు, సాంబారూ లేదు. ఇడ్లీ, వడ, చట్నీ, ఖారాబాత్ (కారం ఉప్మా), కేసరిబాత్ (రవ్వ కేసరి), కాఫీ, అంతే. చట్నీ మాత్రం అడిగినంత పోస్తారు. ఆదివారం మూత కనుక శనివారమే వెళ్లాలి. లాల్‌బాగ్ రోడ్డులో 1924 నాటి టిఫిన్ హోటల్ ఎంటీఆర్‌కీ వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కరవొచ్చినప్పుడు రవ్వ ఇడ్లీని తామే మొదలుపెట్టామని వాళ్లు చెబుతారు. ఇడ్లీ రుచికరమే, కానీ దాని కోసం నిలబడాల్సిన సేపు చూస్తే ఒకసారికి చాలు.

బస ఇందిరానగర్‌లో, 12వ మెయిన్ దగ్గర తీసుకున్నాం. పబ్బులకు నడిచి వెళ్లవచ్చన్నది మా తెలివి. అర్ధరాత్రి దాటేదాకా ఆ పబ్బుల దరువు మా కిటికీ అద్దాలను వణికించింది. మధ్యాహ్నం పన్నెండుకు గది ఇస్తామన్నవాళ్లు రెండు దాటాక ఇచ్చారు, ఆలస్యానికి ఒక మాటైనా చెప్పలేదు. నిద్ర కావాలనుకునేవారు హలసూరు, ట్రినిటీ మెట్రో స్టేషన్ల పక్క సందుల్లో చూసుకోవడం నయం. తిండి ఒక్కటే లక్ష్యమైతే బసవనగుడే సరి.

సాయంత్రం వీవీ పురం తిండి వీధిలో వేడివేడి ఒబ్బట్ల మీద నెయ్యి పోయించుకుని తిన్నాం. అంతా శాకాహారమే. అక్కడి నుంచి చర్చి స్ట్రీట్. రాళ్లు పరిచిన ఆ వీధిలో పాత పుస్తకాల దుకాణాలు తాగుడుకు ఆలస్యం చేయించాయి.

రాత్రి సంగతి క్లుప్తంగా. ఇందిరానగర్‌లోని టాయిట్ అనే పబ్బు 2010 నుంచి తన బీరు తానే కాచుకుంటోంది. బల్ల దొరకడానికి చాలాసేపు పట్టింది, దొరికాక ఎవరూ తొందరపెట్టలేదు. మందు ముట్టని మిత్రుడు కూడా పిజ్జాతో సంతోషంగా కూర్చున్నాడు. తర్వాత వెళ్లిన ఇంకో పబ్బులో మగవాళ్ల గుంపని గుమ్మంలోనే ఆపేశారు. చాలాసేపటికి లోపలికి వదిలి, బిల్లులో సర్వీస్ ఛార్జి కలిపారు. అది తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది. ఆ మాట అంటే మారు మాట్లాడకుండా తీసేశారు. మీరూ అడగండి.

ఒంటిగంటకు అన్నీ మూస్తారు, జనమంతా ఒక్కసారే రోడ్డు మీద పడతారు. మెట్రో అప్పటికే ఆగిపోయి ఉంటుంది. క్యాబ్ ధర రెట్టింపవుతుంది, ఆటోవాళ్ల దగ్గర మీటరు ఊసే ఉండదు. మా గది పక్కనే ఉండటం పనికొచ్చింది ఆ ఒక్క క్షణానే.

ఆదివారం జయనగర్‌లోని శివాజీ మిలిటరీ హోటల్‌లో (ఇక్కడ మాంసాహార హోటళ్లను అలాగే పిలుస్తారు) దొన్నె, అంటే ఆకు దొప్పలో పెట్టే బిర్యానీ తిన్నాం. పొట్టి బియ్యం, పుదీనా కొత్తిమీరల ఘాటు, మెత్తటి మటన్. మాలో పాతబస్తీ మిత్రుడు దీన్ని బిర్యానీ అనడానికి ఒప్పుకోలేదు, దొన్నె మాత్రం ఖాళీ చేశాడు. ఆంధ్ర భోజనానికి రెసిడెన్సీ రోడ్డు నాగార్జున మంచిదే, అయితే పప్పన్నం కోసం అంత దూరం వెళ్లడమెందుకు?

తిరుగు రైలు టికెట్టు మాత్రం వెళ్లేటప్పటి టికెట్టుతో పాటే తీసుకోండి. ఆదివారం రాత్రి బెర్తులు మిగలవు. దొరక్కపోతే ఇక ఆనందరావు సర్కిల్‌లో ప్రైవేటు బస్సులే గతి. వాటి ధర విన్నాక విమానమే చవక అనిపిస్తుంది.