వంటింట్లో పొయ్యి ఆపి విన్న ఆరు క్రిస్మస్‌లు

డిసెంబరు 24 రాత్రి ఎనిమిదిన్నర కావస్తుంటే మా వంటింట్లో పొయ్యి ఆపేస్తాం. గులాబీ పువ్వుల పిండి ఇంకా సగం గిన్నెలోనే ఉంటుంది. అయినా ఆపేస్తాం. నూనె చిటపటల మధ్య ఆ పిల్లాడి గొంతు వినపడదు మరి.

ప్రసారంలో పాడే ఆ పిల్లాడెవరో మాకు తెలియదు. ఏటా వేరే పిల్లాడు. ఇంగ్లాండులో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ చాపెల్‌లో, అంటే కాలేజీ చర్చిలో నిలబడి, ఆర్గన్ తోడు లేకుండా, ‘వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ’ మొదటి చరణం ఒక్కడే పాడతాడు. 1919 నుంచి అక్కడి క్రిస్మస్ ముందు రోజు ఆరాధన ఆ పాటతోనే మొదలవుతోంది. ఎవరు పాడాలో ముందుగా చెప్పరు. కొందరిని సిద్ధం చేసి ఉంచి, ప్రసారం మొదలయ్యే క్షణంలో క్వైర్ (గాయక బృందం) డైరెక్టర్ ఒకరికి సైగ చేస్తారు. ముందే చెబితే పిల్లాడికి రాత్రంతా టెన్షన్ కదా. ముప్ఫై ఏళ్ళు చర్చి క్వైర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది స్థాయి గొంతు, పాడినదాన్ని, ఆ మొదటి స్వరం నిలబడేదాకా ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

2020 నుంచి 2025 దాకా ఆరు క్రిస్మస్‌లు మేం దాదాపుగా ఇంట్లోనే గడిపాం. మొదట కొవిడ్ వల్ల, తర్వాత అమ్మ వల్ల. అమ్మకు ఎనభై మూడు. తుంటి ఎముక విరిగాక చర్చి మెట్లు ఎక్కలేకపోతోంది. ఈ ఆరేళ్ళలో ఏవి విన్నాం, ఏవి మానేశాం, ఎక్కడ డబ్బు దండగ చేసుకున్నాం అన్నది రాస్తున్నాను. మీ ఇంట్లోనూ బయటికి వెళ్ళలేని పెద్దవాళ్ళుంటే పనికొస్తుంది.

మొదటి ఏడాది మా సంఘం ఆరాధనను మీటింగ్ యాప్‌లో పెట్టారు. అయ్యగారు (మా పాస్టరు) ‘అందరూ మైకులు ఆన్ చేసి పాడండి’ అన్నారు. ఆ తర్వాత జరిగింది ఆ రోజు ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. మేం పల్లవి ముగించేసరికి వేరే ఇళ్ళ నుంచి అదే పల్లవి అప్పుడే మొదలవుతోంది. డాలస్ నుంచి వదిన గొంతు రెండు ముక్కలొచ్చి ఆగిపోయింది. హార్మోనియం అయితే అసలు వినపడనేలేదు. తప్పు ఎవరిదీ కాదు. ఆ యాప్‌లు మాట కోసం చేసినవి. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళని తగ్గిస్తాయి. సాగదీసి పలికే స్వరాన్ని ఫ్యాను చప్పుడనుకుని కోసేస్తాయి. మాటకు ఒక అరసెకను ఆలస్యమైతే ఎవరికీ పట్టదు, తాళానికి అది చాలు. ప్రార్థనకు, వాక్యానికి ఆ యాప్ పెట్టుకోండి. పాటకు మాత్రం వద్దు.

ఇక సామాన్ల సంగతి. మొదట ఫోనును చక్కెర డబ్బాకి ఆనించి విన్నాం, తర్వాత టీవీకి వచ్చాం. టీవీలో ‘స్పష్టమైన మాట’ లాంటి సెట్టింగు ఒకటి ఉంటుంది, సీరియళ్ళకు బాగుంటుంది. క్వైర్ వినేటప్పుడు అది ఆన్‌లో ఉంటే బేస్ గొంతులన్నీ, అంటే మగవాళ్ళ లోతు గొంతులన్నీ, గోడ అవతలికి వెళ్ళిపోతాయి. దాన్ని ఆపడమే మా ఇంట్లో జరిగిన అతి పెద్ద మెరుగుదల, పైసా ఖర్చు లేకుండా. ఆ తర్వాత ఒక సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు) కొని నొచ్చుకున్నాం. సినిమా పేలుళ్ళకు సరే, పదహారు మంది పిల్లల గొంతు దాంట్లో ప్లాస్టిక్‌లా వినపడింది. చివరికి నిలిచింది పదిహేను వందల వైరున్న హెడ్‌ఫోనే. అమ్మకి టీవీ, నాకు హెడ్‌ఫోను.

ఒక ఏడాది హాల్లో టీవీ మీదా, వంటింట్లో ఫోను మీదా ఒకేసారి పెట్టాను. ఇంటర్నెట్ ప్రసారం ఒక్కో పరికరానికి ఒక్కో ఆలస్యంతో వస్తుందని తెలియక. హాల్లో పిల్లాడు చరణం పూర్తి చేశాక వంటింట్లో అదే పిల్లాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ‘ఏమే, ఇద్దరున్నారా ఈసారి?’ అంది అమ్మ.

ఈ ఆరేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చింది ఒకటే. క్వైర్‌ను చూడకూడదు, వినాలి. వీడియోలో కెమెరా కొవ్వొత్తి మీద నుంచి కిటికీ మీదకి, కిటికీ మీద నుంచి ఓ పిల్లాడి కళ్ళజోడు మీదకి పోతుంది. కన్ను దాని వెంట పోతుంది, చెవి వెనకబడుతుంది. కింగ్స్ వాళ్ళవి రెండు వేర్వేరు కార్యక్రమాలున్నాయని చాలామందికి తెలియదు. టీవీలో వచ్చే ‘క్యారల్స్ ఫ్రమ్ కింగ్స్’ ముందే రికార్డు చేసినది. 24న మధ్యాహ్నం వాళ్ళ మూడు గంటలకు, అంటే మన ఎనిమిదిన్నరకు, బీబీసీ రేడియో 4లోనూ వరల్డ్ సర్వీస్‌లోనూ వచ్చేది ప్రత్యక్ష ఆరాధన. నా ఓటు రేడియోకే. బొమ్మ ఉండదు, గంటన్నరకు వంద ఎంబీ కూడా ఖర్చు కాదు, కరెంటు పోయినా ఫోనులో వినొచ్చు.

వినే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కాలేజీ వాళ్ళు ఆరాధన క్రమాన్ని పుస్తకంలా తమ వెబ్‌సైట్‌లో పెడతారు. దాన్ని ప్రింటు తీయించండి. జిరాక్స్ షాపులో అయ్యే ఆ కాస్త ఖర్చు సౌండ్‌బార్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఆరాధనలో చదివే తొమ్మిది బైబిలు పాఠాలు ఆదికాండంలో ఆదాము దాక్కోవడంతో మొదలై యోహాను సువార్త మొదటి అధ్యాయంతో ముగుస్తాయి. మొదటి పాఠం క్వైర్ పిల్లాడు చదువుతాడు, చివరిది కాలేజీ పెద్ద చదువుతారు. అమ్మ తెలుగు బైబిలు తెరిచి పెట్టుకుని పాఠం వెంట పాఠం చూసుకుంటుంది. ఇంగ్లీషు ఆమెకు అంతంతమాత్రమే, కానీ ఎక్కడున్నారో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈ ఆరాధన మొదటిసారి జరిగింది 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన ఆరు వారాలకు. మొదలుపెట్టిన డీన్ (చాపెల్ బాధ్యుడు) ఎరిక్ మిల్నర్-వైట్ సైన్యంలో చాప్లిన్‌గా, అంటే సైనికుల పాస్టరుగా పనిచేసి వచ్చినవాడు. మొదట్లో చదివే ప్రార్థనలో, అవతలి ఒడ్డున మనకన్నా గొప్ప వెలుగులో ఉండి మనతో కలిసి ఆనందిస్తున్నవాళ్ళను తలుచుకుంటారు. నాన్న పోయిన ఏడాది ఆ మాట దగ్గర నేను హెడ్‌ఫోను తీసి కాసేపు పక్కన పెట్టాను.

హెడ్‌ఫోనులో మాత్రమే తెలిసేది ఒకటుంది. పాట ఆగాక గది ఇంకా కాసేపు పాడుతూనే ఉంటుంది. చాపెల్ పొడవు 88 మీటర్లు. 1446లో మొదలుపెట్టిన కట్టడం, విసనకర్రల్లా విచ్చుకున్న ఆ రాతి కప్పు 1515కి పూర్తయింది. చివరి స్వరం ఆ కప్పు దాకా ఎక్కి, తిరిగి, సన్నబడి పోయేదాకా అక్కడ ఒక్కరూ దగ్గు కూడా రానివ్వరు. ఫోను స్పీకరులో ఇదంతా ఖాళీగా ఉంటుంది, తెగిపోయిందనుకుంటాం. ఇంకో సంగతి, నేను పాడే ఆల్టో అక్కడ మగవాళ్ళు పాడతారు. అమ్మకు చెబితే నమ్మలేదు, ‘ఆ గొంతు మగాడిదా!’ అని నన్నే కసిరింది.

రోము సంగతి తొందరగా చెప్పేస్తాను. మేం ప్రొటెస్టెంట్లం, అయినా పోప్ ఉండే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో జరిగే క్రిస్మస్ రాత్రి పూజ చూస్తాం. 2020లో ఇటలీలో కర్ఫ్యూ వల్ల ఏడున్నరకే పెట్టారు, మనకి సరిగ్గా అర్ధరాత్రి పన్నెండు. గడియారం చూసి చేసినట్టుంది. 2024లో ఏడింటికి, పోప్ ఫ్రాన్సిస్ పవిత్ర ద్వారం (జూబ్లీ సంవత్సరాలకు తెరిచే తలుపు) తెరిచిన ఏడాది అది. 2025లో పోప్ లియో పది గంటలకు చేశారు, మనకు తెల్లవారి రెండున్నర. నేను నిద్రపోయాను. మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు వచ్చే పోప్ ఆశీర్వాదం చూశాం. ఇది చూడాల్సినదే, వినడానికి కాదు. కొన్ని ఛానెళ్ళు పాట మీద వ్యాఖ్యానం కూడా వేస్తాయి. వ్యాఖ్యానం లేనిది వెతుక్కోండి.

జర్మన్ స్వరకర్త బాఖ్ ‘క్రిస్మస్ ఒరటోరియో’ (బైబిలు కథను పాటలుగా చెప్పే పెద్ద కృతి) మాత్రం ఒకేసారి కూర్చుని మొత్తం వినకండి. మొదటి రెండేళ్ళు నేను చేసిన పొరపాటు అదే. అది ఆరు భాగాలు. 1734 డిసెంబరు 25 నుంచి 1735 జనవరి 6 దాకా లైప్‌జిగ్ చర్చిల్లో ఆరు రోజుల్లో విడివిడిగా పాడించాడాయన. రోజుకొక భాగం, అరగంట లోపే. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ వాళ్ళు ఆయన కృతులన్నీ రికార్డు చేసి ఉచితంగా పెడుతున్నారు, మాటలకు ఇంగ్లీషు అర్థంతో సహా. మొదటి భాగం డోళ్ళతో మొదలవుతుంది. మా పనమ్మాయి గుమ్మంలో ఆగి ‘ఏం పెళ్ళమ్మా?’ అంది. నిజానికి ఆ వరస అంతకు ముందు ఏడాది ఒక రాణిగారి పుట్టినరోజుకు కట్టినదే. రాణికి కట్టిన వరసను ఏసయ్యకు వాడొచ్చా అని ముఖం చిట్లించేవాళ్ళు మన కీర్తనల పుస్తకం తీసి చూడండి. కీర్తన పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. కచేరీల్లో పాడే రాగాలే అవి. ఇప్పుడు కీబోర్డు వాయించే కుర్రాళ్ళు ఆ లైను చదవరనుకోండి, అది వేరే గొడవ.

మెదక్ గురించి చెప్పకపోతే అమ్మ ఊరుకోదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన చర్చి అది. చిన్నప్పుడు తాతయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళిందట. క్రిస్మస్ రోజు తెల్లవారకముందే మొదలయ్యే ఆరాధన ఇప్పుడు లైవ్‌లో వస్తుంది. ఇదొక్కటి వీడియోలోనే చూడాలి, నా పైమాటకు మినహాయింపు. రంగు అద్దాల కిటికీలు వెలుగు బయట నుంచి పడితేనే కనిపిస్తాయి. ఆరాధన మొదట్లో అక్కడ నల్లటి గోడే. పొద్దెక్కేకొద్దీ రంగులు ఒక్కొక్కటే పైకి తేలతాయి. వాక్యం మధ్యలో అమ్మ ‘వచ్చింది వచ్చింది’ అంటుంది. కొన్ని ప్రసారాలు సరిగ్గా అప్పుడే వేదిక మీద దండలు చూపిస్తాయి, ఓపిక పట్టాలి.

ఇక మా సొంత సంఘం లైవ్. నాలుగేళ్ళు అందులో వినపడింది రెండే: అయ్యగారి మైకు, నేరుగా వైరు తగిలించిన కీబోర్డు. ముందు నిలబడ్డ ఇరవై ఇద్దరు క్వైర్ పెదవులు కదిపేవాళ్ళు, అంతే. వదిన డాలస్ నుంచి ‘మూకీ సినిమానా?’ అని వాట్సాప్ చేసింది. గత ఏడాది నేనే కమిటీ వాళ్ళను అడిగి, క్వైర్ ముందు ఎత్తుగా రెండు మైకులు పెట్టించాను, లైవ్‌కు మాత్రమే. క్వైర్ వినపడింది. మొదటి వరసలో ఎవరి చంటిపిల్లాడో ఏడుపు అందుకున్నాడు, అదీ వినపడింది. మాకు టెనర్లు (మగవాళ్ళలో పై గొంతు) ఇద్దరే, వాడి ముందు వాళ్ళేం నిలుస్తారు. ఈసారి మైకులు ఇంకో మూడడుగులు పైకి ఎత్తమన్నాను.