ఫారంలోనే రాయాలా, క్లాస్‌లో పట్టాలా?

రాణిగంజ్‌లో ఓ హార్డ్‌వేర్ షాపుకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) స్టాక్ ప్రోగ్రామ్ రాస్తున్నప్పుడు ఎదురైన తికమక ఇది. బయటి ట్రీవ్యూ కంట్రోల్‌లో (జాబితాను కొమ్మలుగా చూపే, యాక్సెస్ సొంతం కాని భాగం) నోడ్, అంటే అందులోని ఒక అంశం నొక్కితే, ఆ ఈవెంట్‌ను (నొక్కారన్న కబురును) ఎక్కడ పట్టుకోవాలి: ఫారం వెనకున్న కోడ్‌లోనా, విడిగా రాసిన క్లాస్ మాడ్యూల్‌లోనా?

ఫారం మాడ్యూల్‌లో: ఐదు నిమిషాల పని. ప్రాపర్టీ షీట్‌లో మాత్రం వెతక్కండి, అక్కడ ఎంటర్, ఎగ్జిట్ లాంటివే కనిపిస్తాయి. నోడ్‌క్లిక్ ఈవెంట్, కోడ్ విండో పైనున్న జాబితాల్లో దొరుకుతుంది.
విత్‌ఈవెంట్స్‌తో (ఒక వేరియబుల్ ఈవెంట్లు వినేలా చేసే కీవర్డ్) క్లాస్‌లో: మొదటిసారి ఓ పూట పోతుంది.

ఫారంలో: పది ఫారాలుంటే పదిచోట్లా అదే కోడ్ అంటించాలి.
క్లాస్‌లో: ఒక్కచోట దిద్దితే చాలు.

ఫారంలో: కంట్రోల్ పేరు మార్చారా, ప్రొసీజర్ అనాథే.
క్లాస్‌లో: విత్‌ఈవెంట్స్ వేరియబుల్‌కు కంట్రోల్‌ను కాదు, దాని ఆబ్జెక్ట్ ప్రాపర్టీని సెట్ చేయాలి. ఆ క్లాస్‌ను పట్టుకునే వేరియబుల్‌ను ఫారం స్థాయిలో కాకుండా లోడ్ ప్రొసీజర్ లోపల డిక్లేర్ చేస్తే, ఆ ప్రొసీజర్‌తోపాటే పోతుంది. ఎర్రర్ రాదు, క్లిక్ పలకదు. నాకు ఒక సాయంత్రమంతా దీనికే సరిపోయింది!

32 బిట్ ఓసీఎక్స్ (ఆ బయటి కంట్రోల్ ఉండే ఫైల్) 64 బిట్ ఆఫీస్‌లో లోడవదు. ఆ తలనొప్పి రెండింటికీ ఉంది.

ఒకటి రెండు ఫారాలైతే మొదటిదే. అదే కంట్రోల్ నాలుగైదు ఫారాల్లో ఉంటే, లేదా రేపు ఇంకొకరు ఆ కోడ్ చూడాల్సి వస్తే, నా ఓటు క్లాస్‌కే.