తాకకుండా శ్వాసను లెక్కించే రాడార్ పరికరం: రెండేళ్ల వాడకం తరువాత సమీక్ష

మా అమ్మగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక వ్యాధి) ఉంది. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గమనిస్తూ ఉండాలని, ఆమెకు మామూలుగా ఉండే సంఖ్యను దాటి పెరుగుతుంటే ఆలస్యం చేయకూడదని డాక్టరుగారు చెప్పిన మీదట, మంచం పక్కన పెట్టే 60 గిగాహెర్ట్జ్ రాడార్ పరికరం కొన్నాము. వేసవిలోనూ చలికాలంలోనూ వాడి చూశాక, అది చూపే అంకెను ఎప్పుడు నమ్మవచ్చో, ఎప్పుడు నమ్మకూడదో కొంత తెలిసింది.

ఊపిరి తీసినప్పుడు ఛాతీ కొద్ది మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. పరికరం పంపే రేడియో తరంగం పొడవు సుమారు 5 మిల్లీమీటర్లే కనుక, అంత చిన్న కదలికకే తిరిగివచ్చే తరంగంలో మార్పు స్పష్టంగా తెలుస్తుంది. దుప్పటి కప్పుకున్నా ఇబ్బంది లేదు. అయితే పరికరానికి అందేది కదలికే తప్ప గాలి కాదు. గొంతు దగ్గర దారి మూసుకుపోయే స్లీప్ ఆప్నియాలో గాలి లోపలికి పోకపోయినా ఛాతీ, పొట్ట కదులుతూనే ఉంటాయి. దానిని కూడా ఇది శ్వాసగా లెక్కించగలదు. ఆసుపత్రులలో వదిలే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రఫీకి విలువ ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

ఇంట్లో ఆ సదుపాయం ఉండదు కనుక కంటితో లెక్కించడమే ప్రమాణమైంది. 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేస్తే ఒక్క శ్వాస తప్పినా తేడా రెండుగా తేలుతుంది. అందుకే నిండు నిమిషం లెక్కించాము. ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే ఊపిరి తీరు మారుతుంది కాబట్టి, అమ్మ అనుమతి ముందే తీసుకుని, ఆమె నిద్రపోయాక దుప్పటీ పరికరం తెరా రెండూ కనిపించేలా ఫోనులో వీడియో తీసి, తరువాత నేనూ మా చెల్లెలూ విడివిడిగా లెక్కపెట్టాము.

కదలకుండా నిద్రపోతున్నంతసేపు పరికరం చక్కగా పనిచేసింది; మా లెక్కకూ దానికీ తేడా చాలావరకు ఒకటికి మించలేదు. చిక్కంతా మిగతా వేళల్లోనే. బాత్‌రూముకు వెళ్లి వచ్చి ఆయాసపడుతూ కూర్చున్నప్పుడు, దగ్గు తెర వచ్చినప్పుడు, అంటే ఆ అంకె మాకు నిజంగా అవసరమైన సమయంలో, తెర మీద పాత అంకె అలాగే నిలిచిపోయేది. కొలవలేకపోతున్నానని చెప్పి ఖాళీ గీత చూపించవలసిన చోట, నిన్నటి ధర ఇవాళ చెప్పే దుకాణదారులా పాత సంఖ్య చూపడం నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా అనిపించింది.

రెండవది రెట్టింపు లెక్క. సీఓపీడీలో ఊపిరి తీయడం పొట్టిగా, వదలడం దీర్ఘంగా ఉంటుంది. అటువంటి ఎగుడుదిగుడు అలలో అసలు వేగంతో పాటు దానికి రెట్టింపు వేగం గల అంశం కూడా బలంగా ఉండి, పరికరం దానినే పట్టుకునే అవకాశం ఉంది. మేము 11 లెక్కించిన నిమిషంలో అది 22 చూపింది. పెద్దవారిలో 12 నుంచి 20 వరకు మామూలుగా పరిగణించే, రోగికి ప్రమాదం పెరిగేకొద్దీ ఎక్కువ పాయింట్లు వేసే ఆసుపత్రుల న్యూస్2 పట్టికలో 11కు ఒక పాయింటు, 22కు రెండు పాయింట్లు పడతాయి. పైగా ఒకటి శ్వాస నెమ్మదించిందని చెబితే, మరొకటి వేగం పెరిగిందని చెబుతుంది.

వేసవిలో మరో సంగతి బయటపడింది. అమ్మ వంటింట్లో ఉండగా, ఖాళీ మంచం మీద తెర 14 చూపిస్తోంది. సీలింగ్ ఫ్యాను గాలికి దోమతెర అంచు నెమ్మదిగా ఊగుతోంది. ఆ అంచును పరుపు కిందికి మడవగానే అంకె మాయమైంది. కొనగానే ఎవరైనా చేయవలసిన మొదటి పరీక్ష ఈ ఖాళీ మంచం పరీక్షే. మనవడు పక్కన పడుకున్న రాత్రుల అంకెలను మేము లెక్కలోకి తీసుకోవడం మానేశాము.

పరికరం అంకెకూ అసలు లెక్కకూ మధ్య ఇంత అని పెట్టె మీద వేసే సగటు తేడాను చూసి కొనవద్దు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిన తప్పులు సగటులో ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. ప్రతి నిమిషం తేడానూ విడిగా పరిశీలించి, అవి ఏ హద్దుల మధ్య పడుతున్నాయో చూడాలని గణాంక శాస్త్రవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో చూపిన పద్ధతి ఇటువంటి పోలికకు సరిగ్గా సరిపోతుంది. అందులోనూ నిమిషానికి 25కు పైబడిన శ్వాస వేగాల వద్ద తేడా ఎంతో విడిగా అడగాలి.

ఇప్పుడు పరికరాన్ని ఛాతీ ఎత్తులో, సుమారు మీటరు దూరంలో ఉంచి, రాత్రి మొత్తానికి వచ్చిన సంఖ్యను అమ్మకు అలవాటైన సంఖ్యతో మాత్రమే పోల్చుకుంటున్నాము. రెండు రాత్రులు వరుసగా పెరిగితే, గడియారం పట్టుకుని నిండు నిమిషం మేమే లెక్కించి డాక్టరుగారికి ఫోను చేస్తున్నాము. ఆ మేరకు ఇది కొనదగినదే. ఆయాసం వచ్చిన గడియలో మాత్రం దీని తెర వైపు చూడము.