త్సావ్ ఫేయ్: బల్బుల ఫ్యాక్టరీయా, తెర మీది నగరమా?

1978లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టిన కళాకారిణి త్సావ్ ఫేయ్ ఫొటోలు, వీడియోలు, కంప్యూటర్ లోకాలు అన్నింటినీ కళకు వాడుకుంటారు. ఆమెను కొత్తగా చూసేవారికి నేను రెండు కృతులు చెబుతాను: 2006 నాటి ‘హూజ్ యుటోపియా’, ఆ తర్వాత వచ్చిన ‘ఆర్ఎంబీ సిటీ’.

మొదటిది ఫోషాన్‌లోని ఒక బల్బుల ఫ్యాక్టరీలో తీసిన వీడియో, సుమారు 20 నిమిషాలు. ముందు యంత్రాలు కనిపిస్తాయి: గాజు కరుగుతుంది, బల్బులు వరుసగా కదులుతాయి, వేళ్లు ఆగకుండా పని చేస్తాయి. తర్వాత అదే షెడ్డులో, గుట్టలుగా పేర్చిన సరుకు మధ్య కార్మికులు నృత్యం చేస్తారు, ఒకరు గిటారు వాయిస్తారు. చివర్లో ఒక్కొక్కరూ కదలకుండా నిలబడి కెమెరా కళ్లలోకి చూస్తారు. వీడియోనే ఫొటోగా మారే ఆ క్షణాల దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఊరు వదిలి పనికి వచ్చిన మనిషికి కూడా ఒక కల ఉంటుందని ఇంత నిశ్శబ్దంగా చెప్పిన కృతి నాకు మరొకటి తెలియదు.

‘ఆర్ఎంబీ సిటీ’ని ‘సెకండ్ లైఫ్’ అనే ఆన్‌లైన్ లోకంలో కట్టారు. పేరులోనే చైనా డబ్బు ఉంది: ఆర్ఎంబీ అంటే ఆ దేశపు కరెన్సీ రెన్మిన్‌బీ. బీజింగ్ కట్టడాలు తారుమారై తేలుతాయి. చైనా ప్రభుత్వ టీవీ భవనం క్రేనుకు వేలాడుతుంది. త్సావ్ ఫేయ్ అక్కడ ‘చైనా ట్రేసీ’ అనే కంప్యూటర్ పాత్ర రూపంలో తిరిగారు. ఊహ గొప్పది. కానీ 2011లో ఆ నగరం మూతపడింది, మనకు దొరికేవి రికార్డులే.

అందుకే ముందు ఫ్యాక్టరీనే చూడమంటాను.