టిష్యూ వాల్వ్ ముందే పాడైతే: మళ్లీ ఓపెన్ సర్జరీనా, వాల్వ్‌లో వాల్వా?

పది పదిహేనేళ్లు పనిచేస్తుందని గుండెలో వేసిన టిష్యూ వాల్వ్ (జంతువుల కణజాలంతో చేసిన కవాటం) మూడు నాలుగేళ్లకే మొరాయిస్తే ఇంట్లో అందరూ అడిగేది ఒకటే: మళ్లీ ఛాతీ కోయాలా, తొడ దగ్గర రక్తనాళంలోంచి ట్యూబుతో పాత వాల్వ్ లోపలే కొత్తది పెడితే అయిపోతుందా? నన్నడిగితే దానికంటే ముందు, అసలు ఎందుకు పాడైందో తేల్చమనండి.

ఎందుకంటే ఒక్కోసారి రెండూ అక్కర్లేదు. వాల్వ్ రేకుల మీద రక్తం గడ్డకట్టినా ఎకోలో గ్రేడియంట్ (వాల్వ్‌కు అటూ ఇటూ రక్తపు ఒత్తిడిలో తేడా) పెరిగే కనిపిస్తుంది, ఆయాసమూ వస్తుంది. సీటీలోనో గొంతులోంచి చేసే ఎకోలోనో గడ్డ అని తేలి, మనిషి నిలకడగా ఉంటే, రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రతోనే చాలామందికి వాల్వ్ కొన్ని నెలల్లో మళ్లీ కుదురుకుంటుంది. ఇది చూడకుండా ఆపరేషన్‌కు డేట్ తీసుకోవద్దు, దయచేసి. జ్వరం కూడా ఉంటే ఇన్ఫెక్షన్ ఏమో చూడాలి, అలాంటి వాల్వ్ లోపల కొత్తది పెట్టకూడదు.

నిజంగా రేకులే గట్టిపడో చిరిగో పోయాయనుకుందాం. డెబ్బై ఐదు దాటినవాళ్లకు, కిడ్నీలో ఊపిరితిత్తులో బలహీనంగా ఉన్నవాళ్లకు వాల్వ్‌లో వాల్వే మేలు. ఛాతీ కోయరు, గుండె ఆపరు, త్వరగా లేచి తిరుగుతారు. కానీ ఇది పైపులో ఇంకో పైపు దూర్చినట్టే, పాత ఫ్రేమ్ అక్కడే ఉండి దారి ఇరుకవుతుంది. మొదట వేసింది 19 లేదా 21 మి.మీ. చిన్న సైజు అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోది) అయితే కొత్తది పెట్టాక కూడా గ్రేడియంట్ ఎక్కువే మిగిలి, ఆయాసం పూర్తిగా తగ్గకపోవచ్చు. గుండెకు రక్తమిచ్చే కొరొనరీల మూతులకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది, అందుకే ముందు సీటీలో కొలతలు తీస్తారు.

రెండోసారి ఓపెన్ సర్జరీ కష్టమే. మొదటి ఆపరేషన్ తాలూకు అతుకులు ఉంటాయి, రిస్కూ కోలుకునే కాలమూ ఎక్కువ. అయినా యాభై లోపు వయసు, తట్టుకునే ఒళ్లు, చిన్న సైజు వాల్వ్ ఉంటే నేను దీనివైపే మొగ్గుతాను. పాతది తీసేస్తారు, అవసరమైతే వాల్వ్ కూర్చునే చోటును వెడల్పు చేసి పెద్దది వేస్తారు. చిన్న వయసులో టిష్యూ త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఈసారి మెకానికల్ (టిష్యూ కాకుండా లోహం, కార్బన్ లాంటివాటితో చేసిన) వాల్వ్ గురించి కూడా అడగండి. దానికి జీవితాంతం వార్ఫరిన్, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూసే) పరీక్షలు తప్పవు, కొత్తరకం రక్తం పలచబరిచే మాత్రలు దానికి పనికిరావు. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలైతే గర్భంలో వార్ఫరిన్ వల్ల వచ్చే ఇబ్బందుల గురించి ముందే మాట్లాడుకోవాలి.

మొదటి ఆపరేషన్ కాగితాల్లో వాల్వ్ పేరు, సైజు ఉంటాయి. అవి పట్టుకెళ్లి సర్జన్‌నీ కార్డియాలజిస్ట్‌నీ కలిపి కూర్చోబెట్టి అడగండి. ఈలోగా పడుకుంటే ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.