ఢిల్లీ యుద్ధ స్మారకానికి సాయంత్రం వెళ్లండి

1971 యుద్ధ విజయ స్వర్ణోత్సవాల కోసం ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో వెలిగించిన విజయజ్యోతి 2021 ఫిబ్రవరిలో మా తిరుపతికి వచ్చింది. ఆ యుద్ధంలో మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ మా ఊరివారే మరి. ఆ జ్యోతి బయలుదేరిన చోటు చూడాలని అప్పటినుంచీ కోరిక. పిల్లలకు సెలవులు రాగానే సంపర్క్ క్రాంతి ఎక్కాం.

కరోల్‌బాగ్‌లో దిగిన హోటలు బాగాలేదు. వేడినీళ్లకు ప్రతిసారీ అడగాల్సి వచ్చింది. మెట్రో దగ్గర కావడం ఒక్కటే ఊరట. భోజనానికి మాత్రం ఆంధ్రా భవన్‌కు వెళ్లండి. పప్పు, సాంబారు కొసరి వడ్డిస్తారు, స్మారకం కూడా అక్కడికి దగ్గరే.

2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఈ స్మారకం సుమారు 40 ఎకరాల్లో ఉంది. ప్రవేశం ఉచితం. ఇండియా గేట్ కింద 1972 నుంచి వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరిలో ఇక్కడి జ్యోతిలో కలిపేశారు. అమర, వీరతా, త్యాగ, రక్షక అని ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు చక్రాలు. ఫోటోల గుంపంతా నడిమధ్య స్తంభం దగ్గరే. మీరు మాత్రం ఎక్కువ సమయం త్యాగ చక్రానికి ఇవ్వండి. చక్రవ్యూహంలా వలయాలు తిరిగిన గోడలు, పలకకు ఒక సైనికుడు చొప్పున 25 వేలకు పైగా పేర్లు. గల్వాన్‌లో 2020లో నేలకొరిగిన 20 మంది పేర్లూ ఇక్కడే చెక్కారు. వారిలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు ఒకరు. తెలుగు పేరు కనిపించిన ప్రతిచోటా మా అమ్మాయి ఆగి, అక్షరాలను వేలితో తడిమి పైకి చదివింది. నేనూ తొందరపెట్టలేదు.

సాయంత్రం జెండా దించే ముందు ఒక అమరుడి కుటుంబం వచ్చి పుష్పగుచ్ఛం ఉంచుతుంది. మేం వెళ్లిన రోజు వచ్చినావిడ పెద్ద వయసామె. మెట్టు దగ్గర తడబడితే పక్కనున్న జవాను చెయ్యి అందించాడు. ఆమె తన వంతు పూర్తయ్యాక కూడా కాసేపు అక్కడే నిలబడింది, ఎవరూ కదలమనలేదు. ఈ కార్యక్రమం చూడకుండా వెనక్కి వస్తే సగమే చూసినట్టు. బ్యాండు, కవాతు ఇంకెక్కడైనా చూడవచ్చు.

పక్కనే పరమ యోధ స్థలంలో 21 మంది పరమవీర చక్ర గ్రహీతల ప్రతిమలున్నాయి. ఒక్కొక్కరి గురించీ చదవాలంటే వెలుతురు కావాలి. అందుకే నాలుగు గంటలకల్లా లోపలికి వెళ్లి ముందు అది చూడండి, తర్వాత త్యాగ చక్రం, ఆఖరున కార్యక్రమం. వేసవి మధ్యాహ్నం మాత్రం వద్దు, పెద్దవాళ్లు ఆ ఎండకు తట్టుకోలేరు.